ఓరంగా పొమ్మంటే వినకండి

సైకిలు తొక్కేవాళ్లకి రోడ్డు మీద ప్రతి ఒక్కరూ సలహా చెబుతారు. బస్సు మెట్టు మీద నిలబడ్డ కండక్టరు “ఓరం పో” అని అరుస్తాడు. కారు అద్దం దించి ఒకాయన “చచ్చిపోతావ్, పక్కకి జరుగు” అంటాడు. ఇంట్లో అమ్మ “పెద్ద బండి వస్తే దిగి నిలబడు నాయనా” అంటుంది. అమ్మ మాటలో ప్రేమ ఉంది, కండక్టరు మాటలో తొందర ఉంది. అయినా అందరూ చెప్పేది ఒక్కటే: రోడ్డు మీద నువ్వు లేనట్టే ఉండు. నేను ఒప్పుకోనిది సరిగ్గా ఈ మాటనే. కనబడకుండా పోదామనుకున్నవాడికే దెబ్బ తగులుతుంది. నలుగురికీ కనబడేవాడు, తర్వాత ఎటు పోతాడో వెనకవాడికి తెలిసేలా తొక్కేవాడు క్షేమంగా ఇల్లు చేరతాడు.

అందుకే మన మధ్య చెలామణీ అవుతున్న తప్పుడు సలహాలను ఒకచోట చేర్చి, ఏది ఎందుకు వినకూడదో, దాని బదులు ఏం చెయ్యాలో రాస్తున్నాను. రాయడానికి నా కళ్ల ముందున్నవి రాజపాళయం రోడ్లు. తమిళనాడులో, విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాల దగ్గరున్న ఊరిది. తెలుగు సీమ నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడ్డ రాజుల ఇళ్లలో ఇవాళ్టికీ తెలుగే మాట. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన ముఖ్యమంత్రి పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. పి.ఎ.సి. రామసామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ పెట్టిన దగ్గర్నుంచి ఇది నూలు మిల్లుల ఊరు కూడా అయింది. పక్కనున్న సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేస్తారు. మిల్లు సంగు (సైరను) మోగగానే ఒక షిఫ్టు లోపలికి, ఒక షిఫ్టు బయటికి. ఆ వేళకి రోడ్డెక్కే సైకిళ్లు షోకుకి తొక్కేవి కావు, పొట్టకూటి సైకిళ్లు. అవి పోవలసిన రోడ్డు తిరుమంగళం నుంచి తెన్‌కాశి, సెంగోట్టై మీదుగా కొల్లం పోయే 744వ నంబరు జాతీయ రహదారి. ఊళ్లోకి వచ్చేసరికి దాని పేరు తెన్‌కాశి రోడ్డు. కేరళ లారీలు, గవర్నమెంటు బస్సులు, కార్తీక మార్గశిరాల్లో శబరిమల వ్యాన్లు, బడి పిల్లలు, పాల క్యాన్ల వాళ్లు అందరికీ అదే దారి.

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో వందకి ముగ్గురు సైకిలు మీద పోతున్నవాళ్లు. ఆ ఏడాది అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ ప్రమాదాలు జరిగింది తమిళనాడులోనే: 64,105. ప్రాణాలు పోయినవారు 17,884 మంది. ఈ అంకెలు చూశాక కూడా “ఓరం పో” అనే సలహాతో సరిపెట్టుకోవడం నాకు చేతకాదు.

“రోడ్డు అంచునే పో”

అన్నిటికంటే ఎక్కువగా చెప్పే సలహా ఇదే, అన్నిటికంటే ఎక్కువ హాని చేసేదీ ఇదే. కాబట్టి దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు ఆ అంచు ఎలా ఉంటుందో వంగి చూడండి. తారు మీద తారు వేసుకుంటూ పోవడంతో రోడ్డు ఎత్తు పెరిగింది, పక్క మట్టి ఎక్కడున్నది అక్కడే ఉంది. రెండిటికీ మధ్య బెత్తెడు దిగుడు. ఆ దిగుడు వెంబడే ఇసుక, గాజు పెంకులు, తాగునీటి పైపుల కోసమో డ్రైనేజీ కోసమో తవ్వి సరిగ్గా పూడ్చని గాడి. ముందు చక్రం ఒక్కసారి కిందికి జారిందనుకోండి. తొక్కేవాడు కంగారుపడి, ఆపకుండానే తారు మీదికి ఎక్కించబోతాడు. చక్రం అంచుకి దాదాపు సమాంతరంగా ఉంటుంది కాబట్టి టైరు పక్కభాగం తారుకి ఒరుసుకుంటుంది గానీ పైకి ఎక్కదు. హ్యాండిలు గిర్రున తిరుగుతుంది. మనిషి పడేది మట్టిలోకి కాదు, కుడి పక్కకి, వచ్చే బండ్ల ముందుకి. అంచు నుంచి జారితే చెయ్యవలసింది ఇది: తారు ఎక్కే ప్రయత్నం మానండి, మట్టిలోనే వేగం తగ్గించి ఆగండి, కాలు కింద పెట్టి వెనక చూసి, సైకిలు ఎత్తి పైన పెట్టుకుని మళ్లీ బయల్దేరండి.

రెండో సంగతి వెనక బండి నడిపేవాడి ఆలోచన. మీరు అంచుకి అతుక్కుని పోతుంటే, ఎదురుగా బస్సు వస్తున్నా సరే, “సందు ఉంది, పోవచ్చు” అని అతనికి అనిపిస్తుంది. వేగం తగ్గించడు, స్టీరింగు తిప్పడు. మీ మోచేతిని అద్దం రాసుకుంటూ పోతాడు. అదే మీరు తారు అంచు నుంచి ఒక మీటరు లోపలికి తొక్కండి. ఆ సందు అతనికి కనబడదు. ఎదురు బస్సు పోయేదాకా వెనక ఆగి, తర్వాత పక్క వరుసలోకి వెళ్లి మిమ్మల్ని దాటవలసిందే. అతను రెండు తిట్లు తిడితే తిట్టనివ్వండి. తిట్టాడంటే మిమ్మల్ని చూశాడన్నమాటే.

పాత బస్టాండు దగ్గర, జవహర్ మైదానం చుట్టుపక్కల రోడ్డు ఇరుకైన చోట్ల ఇంకొంచెం లోపలికి, వరుస మధ్యకి రండి. అక్కడ కారూ సైకిలూ పక్కపక్కన పట్టవు. పట్టని చోట పడుతుందన్న ఆశ డ్రైవరుకి పెట్టకూడదు. ఇరుకు దాటాక మళ్లీ ఎడమకి జరిగి దారివ్వండి. ఇది మొండితనం అనుకునేవాళ్లకి ఒక మాట: బ్రిటన్ ప్రభుత్వం 2022 జనవరిలో సవరించిన హైవే కోడ్ కూడా ఇదే చెబుతోంది. రద్దీ లేని వీధుల్లో, నెమ్మదిగా కదిలే బండ్ల మధ్య, కూడళ్ల దగ్గర సైకిలువాళ్లు వరుస మధ్యలో తొక్కాలంటుంది. దాటే కారు గంటకి 30 మైళ్ల లోపు వేగంలో ఉన్నా కనీసం 1.5 మీటర్ల ఎడం ఇవ్వాలంటుంది.

అయితే ఊరు దాటాక శ్రీవిల్లిపుత్తూరు వైపో, సేత్తూరు, శివగిరి వైపో బండ్లు 80లో పరుగెత్తే చోట ఈ లెక్క వేరు. అక్కడ తెల్లగీత అవతల తారు వేసిన జాగా ఉంటే దానిలోనే పొండి. వరుస మధ్యలో తొక్కమన్నది ఊరి లోపలి వేగాలకి చెప్పిన మాట.

ఇక ఆగి ఉన్న కార్లు. అంచున తొక్కేవాడికి తలుపే శత్రువు. తలుపు పూర్తిగా తెరిస్తే మీటరు దాకా రోడ్డు మీదికి వస్తుంది, అదీ ముందు చెప్పకుండా వస్తుంది. కాబట్టి నిలిపి ఉన్న కారుకి మీటరు పైచిలుకు ఎడంగానే తొక్కండి. రెండు కార్ల మధ్య ఖాళీ దొరికింది కదా అని లోపలికి దూరి మళ్లీ బయటికి రాకండి, తిన్నగా పొండి. కారు నడిపేవాళ్లు ఒక అలవాటు చేసుకుంటే చాలు: కుడి తలుపుని ఎడమ చేత్తో తెరవండి. ఎడమ చెయ్యి కుడి గడియ దాకా పోవాలంటే ఒళ్లు తిరగాలి, ఒళ్లు తిరిగితే కళ్లు వెనక్కి పోతాయి, వస్తున్న సైకిలు కనబడుతుంది. ఇది నెదర్లాండ్స్‌లో పుట్టిన అలవాటు, బ్రిటన్ కోడులోకి కూడా ఎక్కింది. ఇంట్లో పిల్లలకి కూడా నేర్పండి. వెనక సీట్లోంచి తలుపు తోసేది ఎక్కువగా వాళ్లే.

“రాంగ్ సైడులో పో, ఎదురొచ్చేది కనబడుతుంది”

నడిచేవాళ్లకి చెప్పే మాటని సైకిలుకి అంటగట్టారు. నడిచేవాడు ఒక్క అడుగు పక్కకి వేస్తే తప్పించుకుంటాడు. సైకిలు పక్కకి అడుగు వెయ్యదు. కారు 50లో, మీరు 15లో ఒకే దిక్కుకి పోతుంటే కారు మిమ్మల్ని చేరే వేగం 35. ఎదురెదురుగా అయితే 65. నలభై మీటర్ల దూరంలో మిమ్మల్ని చూసిన డ్రైవరుకి మొదటి లెక్కలో నాలుగు సెకన్లు దొరుకుతాయి, రెండో లెక్కలో రెండే. అంతకంటే ముఖ్యం, సందులోంచి పెద్ద రోడ్డు మీదికి ఎడమకి తిరిగే బండివాడు కుడి పక్కకే చూస్తాడు, అతనికి బండ్లు వచ్చేది అటునుంచే కాబట్టి. మీరు ఎడమ నుంచి వస్తారని అతని బుద్ధికి తట్టదు. చుట్టూ తిరిగి రావలసి వచ్చినా సరే ఎడమ పక్కనే రండి.

“బస్సు ఆగింది, సందులో దూరిపో”

లారీవాళ్ల భాషలో ఎడమ పక్కని క్లీనర్ సైడు అంటారు. ఒకప్పుడు అక్కడ క్లీనరు కూర్చుని, కిటికీలోంచి తల బయటపెట్టి, రేకుని చేత్తో కొడుతూ “రైట్, రైట్” అనేవాడు. ఇప్పుడు చాలా లారీల్లో డ్రైవరు ఒక్కడే. అంటే ఆ పక్కన కళ్లు లేవు. ఎత్తైన క్యాబిన్‌లో కుడి చివర కూర్చున్నవాడికి ఎడమ తలుపు పక్కన, ముందు చక్రం దగ్గర ఉన్న సైకిలు అద్దంలో కూడా కనబడకపోవచ్చు.

ఎడమకి తిరిగేటప్పుడు పొడవాటి బండి ముందు భాగం మొదట కుడికి కొంచెం వెడల్పుగా పోతుంది. అది చూసి సైకిలువాడు “నేరుగా పోతున్నాడు” అనుకుని ఎడమ ఖాళీలోకి వెళ్తాడు. అప్పుడు లారీ తిరుగుతుంది. వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, మలుపు లోపలికి కోసుకుని వస్తాయి. ఇప్పటిదాకా మీటరున్నర ఉన్న ఖాళీ, చక్రం దగ్గరికొచ్చేసరికి ఏమీ మిగలదు. ఆ చక్రం కింద పడ్డవాళ్లు లేచిన సందర్భాలు తక్కువ. అందుకే ఈ ఒక్క విషయంలో మినహాయింపులు లేవు: కదిలే స్థితిలో ఉన్న బస్సుకి గానీ లారీకి గానీ ఎడమ పక్క నుంచి ముందుకి పోకండి. సిగ్నల్ దగ్గరైనా, మార్కెట్టు దగ్గర జామైనా, వెనకే నిలబడండి. బస్సు స్టాపులో ఆగితే వెనక ఆగి, జనం దిగి అది కదిలాక పొండి. కుడి నుంచి దాటవలసి వస్తే డ్రైవరు మీ మొహం చూశాడని రూఢి చేసుకున్నాకే దాటండి. అద్దంలో డ్రైవరు మొహం మీకు కనబడకపోతే మీరు అతనికి కనబడనట్టే లెక్క.

“ముందు బ్రేకు ముట్టుకోకు, బోర్లాపడతావ్”

చిన్నప్పుడు సైకిలు నేర్పినవాళ్లు చెప్పిన ఈ మాట ముసలితనం దాకా వెంట వస్తుంది. నిజానికి బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, అందుకని ఆపే బలం కూడా ముందు బ్రేకుకే ఎక్కువ. వెనక బ్రేకు ఒక్కటే వేస్తే ఆ చక్రం ఈడ్చుకుపోతుంది, ఆగే దూరం పెరుగుతుంది. రెండూ కలిపి, ముందుది మెల్లగా బిగిస్తూ, ఒళ్లు కొంచెం వెనక్కి జరిపి వెయ్యండి. ఇసుక మీదా బురదలోనూ మలుపులోనూ మాత్రం ముందు బ్రేకు గట్టిగా పట్టకండి. ఐప్పసి, కార్తీక మాసాల (అక్టోబరు నుంచి డిసెంబరు దాకా) వానల్లో ఇంకో జాగ్రత్త: పాత పద్ధతి సైకిళ్లకి ఉన్న మెరిసే ఇనప రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు దాని మీద జారుతుంది, ఎంత నొక్కినా సైకిలు పోతూనే ఉంటుంది. వానలో కూడలి రాకముందే రెండుసార్లు మెల్లగా బ్రేకు నొక్కి రిమ్ము తుడిచినట్టు చెయ్యండి. అప్పుడు అవసరానికి పట్టు దొరుకుతుంది.

“తల వంచుకుని గట్టిగా తొక్కు, గాలి ఏం చేస్తుంది”

ఆడి గాలికి అమ్మి కూడా ఎగురుతుందని తమిళంలో సామెత. ఆడి అంటే జూలై, ఆగస్టుల్లో వచ్చే తమిళ మాసం, అమ్మి అంటే పచ్చడి నూరే రాయి. నైరుతి రుతుపవనాల రోజుల్లో కనుమల మీదినుంచి ఈ పక్కకి దిగే గాలి తెలిసినవాళ్లకి ఆ సామెతలో అతిశయం తక్కువే అనిపిస్తుంది. మన రోడ్డు కొండలకి వారగా ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతుంది, గాలి పడమర నుంచి వస్తుంది. అంటే అది సైకిలుని పక్క నుంచి కొడుతుంది. దీన్ని గురించి ఎవరూ ఏమీ చెప్పరు, చెప్పినా “గట్టిగా తొక్కు” అంటారు.

తెన్‌కాశి వైపు పోతున్నారనుకోండి. గాలి కుడి నుంచి. దానికి ఎదురొడ్డి మీరు తెలియకుండానే కుడికి ఒరిగి తొక్కుతుంటారు. అప్పుడొక బస్సు మిమ్మల్ని దాటుతుంది. బస్సు అడ్డు రాగానే గాలి ఒక్కసారి ఆగిపోతుంది, మీ ఒరుగు మాత్రం అలాగే ఉంటుంది. సైకిలు కుడికి, బస్సు వైపుకే తూలుతుంది. బస్సు దాటిపోగానే ఆగిన గాలి మళ్లీ వచ్చి ఎడమకి, ఆ బెత్తెడు దిగుడు వైపుకి తోస్తుంది. రెండు క్షణాల్లో రెండు తోపులు. తిరుగు ప్రయాణంలో శ్రీవిల్లిపుత్తూరు వైపు వస్తుంటే గాలి ఎడమ నుంచి, నెట్టేది నేరుగా బండ్ల మీదికే.

కాబట్టి ఆడి మాసంలో వెనక పెద్ద బండి చప్పుడు వినబడగానే తొక్కే జోరు తగ్గించండి, రెండు చేతులూ హ్యాండిలు మీద ఉంచండి, మోచేతులు వదులుగా పెట్టండి. బిర్రబిగిసిన చేతులతో గాలి తోపు మొత్తం హ్యాండిలుకి ఎక్కుతుంది. క్యారియరు మీద గుడ్డ మూట కట్టుకునేవాళ్లు మూటని అడ్డంగా కాక పొడుగ్గా, వీలైనంత కిందికి కట్టుకోండి. ఎత్తైన మూట గాలికి తెరచాపలా పని చేస్తుంది. పొద్దున గాలి కొంత నెమ్మదిగా ఉంటుంది, ఆ నెలలో దూరం పోయే పని ఏదైనా ఉంటే పొద్దున్నే ముగించుకోవడం మంచిది. కారు నడిపేవాళ్లకి నా విన్నపం: గాలి రోజుల్లో సైకిలుని దాటేటప్పుడు మామూలు కంటే రెట్టింపు ఎడం ఇవ్వండి. ఆ తూలడం అతని చేతుల్లో లేదు.

“వీధి దీపాలున్నాయి, లైటెందుకు”

రాత్రి షిఫ్టు వదిలాక మిల్లు నుంచి ఇంటికి పోయేవాళ్లలో ఎంతోమందికి వెనక లైటు ఉండదు. వీధి దీపం కింద తమకి రోడ్డు కనబడుతోంది కాబట్టి అందరికీ తామూ కనబడుతున్నామనుకుంటారు. ఎదురు లారీ హెడ్‌లైటు కళ్లల్లో పడ్డ డ్రైవరుకి ఆ కాసేపు వీధి దీపం వెలుతురు లెక్కలోకి రాదు. ముదురు రంగు చొక్కా, నల్ల సైకిలు చీకట్లో కలిసిపోతాయి.

సైకిళ్లకి రిఫ్లెక్టర్లు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2020లో నాణ్యతా ఉత్తర్వు తెచ్చింది. కొత్త సైకిలు కొనేటప్పుడు ముందు, వెనక, పెడళ్లకి, చక్రాలకి అవి ఉన్నాయో లేదో చూసుకోండి. షాపువాడు వదులుగా బిగించి ఇస్తే నెలలో రాలిపోతాయి, స్పానరు తీసుకుని మీరే ఒకసారి బిగించుకోండి. పాత సైకిలైతే వెనక మడ్‌గార్డుకి ఎర్ర రిఫ్లెక్టరు, ఒక ఎర్ర లైటు పెట్టించండి. నా దృష్టిలో వీటన్నిటికంటే విలువైనవి పెడళ్లవి. అవి పైకీ కిందికీ ఆడుతుంటాయి, ఆ ఆటని బట్టి వెనకవాడికి అది మైలురాయి కాదు, మనిషి అని తెలిసిపోతుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు రాత్రిపూట డ్రైవర్లతో పరీక్షించి చూశారు. మెరిసే పట్టీలు చీలమండలకీ మోకాళ్లకీ కూడా కట్టుకున్నవాళ్లని, ఒట్టి మెరిసే కోటు వేసుకున్నవాళ్ల కంటే ఎక్కువ దూరం నుంచే డ్రైవర్లు గుర్తుపట్టారు. కాబట్టి మెరిసే టేపు ముక్క ఒకటి ప్యాంటు అంచుకో లుంగీ కింద చీలమండకో కట్టుకోండి. మిల్లుల యాజమాన్యాలు బోనసుతో పాటు ప్రతి సైకిలు కార్మికుడికీ ఒక లైటు, రెండు పట్టీలు ఇస్తే పెద్ద ఖర్చేమీ కాదు. ఇవ్వాలని గట్టిగా అడుగుతున్నాను.

“హెల్మెట్ పెట్టుకుంటే చాలు”

పెట్టుకోండి, పిల్లలకి తప్పకుండా పెట్టండి. కానీ సైకిలు హెల్మెట్‌ని పరీక్షించేది గంటకి సుమారు 20 కిలోమీటర్ల వేగంతో నేలకి తగిలే దెబ్బకి. జారి పడితే తల కాపాడుతుంది. 80లో వచ్చే కారుని అది ఆపలేదు. హెల్మెట్ లేదన్న ఒక్క మాటతో తప్పంతా సైకిలువాడి నెత్తిన వేసే వార్తలు చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

“పిల్లకి సైకిలెందుకు, బండి మీద దింపుదాం”

తమిళనాడు ప్రభుత్వం 2001లో షెడ్యూల్డు కులాల, తెగల ఆడపిల్లలకి ఉచిత సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కొన్నేళ్లలోనే ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ప్లస్ వన్ చదివే పిల్లలందరికీ ఆ పథకం విస్తరించింది. ఆ సైకిలు ఎందరో ఆడపిల్లల చదువు మధ్యలో ఆగకుండా చూసింది. ఇప్పుడు భయంతో దాన్ని మూలన పెట్టి, తండ్రి మోటారు సైకిలు మీద దింపడమో, పదహారేళ్లు నిండకుండానే స్కూటీ చేతికివ్వడమో చేస్తున్నాం. బడి గేటు ముందు ఒక్కో పిల్లకీ ఒక్కో బండి చేరుతుంది, మిగిలిన సైకిలు పిల్లలకి ఆ గుంపే కొత్త ప్రమాదం అవుతుంది. ఇక లైసెన్సు లేని మైనరుకి మోటారు బండి ఇస్తే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం శిక్ష పడేది పెద్దవాళ్లకి: మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషను రద్దు.

పిల్లని సైకిలు మానిపించకండి, నేర్పండి. ఒక ఆదివారం పొద్దున ఖాళీ వీధిలో, సైకిలు వంకర పోకుండా భుజం మీదుగా వెనక్కి చూడటం నేర్పండి. “వెనక్కి చూడకు, పడతావ్” అనే సలహా మాన్పించండి. ముందు తల తిప్పి చూడాలి, తర్వాత చెయ్యి చూపాలి, ఆ తర్వాతే తిరగాలి. ఈ వరస చేతికి అలవాటయ్యేదాకా పక్కనే తొక్కండి. నలుగురైదుగురు పిల్లలు కలిసి ఒకే దారిన బడికి పోతే ఇంకా మంచిది. గుంపు కనబడినట్టు ఒంటరి సైకిలు కనబడదు.

“ట్రాక్ వేసేదాకా ఆగు”

హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, పైన సౌర ఫలకాల కప్పుతో, 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ని 2023 అక్టోబరు 1న తెరిచారు. మంచిదే. అయితే పని కోసం తొక్కేవాడి దారి ఇంటి నుంచి మిల్లుకి, బడికి, మార్కెట్టుకి. మనకి ముందు కావలసింది ఆ దారిలో బండ్ల వేగం తగ్గడం.

“హారన్ కొట్టు, వాడే తప్పుకుంటాడు”

ఇది డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లకి చెప్పే తప్పుడు సలహా. వెనక నుంచి ఎయిర్ హారన్ మోగితే సైకిలువాడు ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతాడు, తిరిగిన వైపుకే హ్యాండిలూ పోతుంది. హారన్ కొట్టినవాడు బ్రేకు వేసి ఉండడు. తడి లేని రోడ్డు మీద, మంచి బ్రేకులున్న కారు 40లో పోతుంటే, చూసి ఆగేసరికి 27 మీటర్లు కావాలి. 80లో అయితే సుమారు 75. వేగం రెట్టింపైతే ఆగే దూరం రెట్టింపుకి మించి పెరుగుతుంది, ఢీకొన్న దెబ్బ నాలుగింతలవుతుంది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణం తీసే ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో చేరిన దేశాలు, మనుషులూ సైకిళ్లూ బండ్లూ కలిసి తిరిగే చోట గంటకి 30 కిలోమీటర్లే గరిష్ఠ వేగం కావాలన్నాయి. పాత బస్టాండు నుంచి పంజు మార్కెట్టు దాకా ఆ 30 బోర్డు ఎందుకు ఉండకూడదు? తిరుమంగళం నుంచి ఇటు నాలుగు వరుసల రోడ్డు వస్తోందని సంతోషిస్తున్నవాళ్లకి కూడా ఒక ప్రశ్న వేస్తాను: అవతలి ఊరి పిల్ల సైకిలు మీద దాన్ని దాటేది ఎక్కడ? కింద దారి, పక్కన సర్వీసు రోడ్డు లేకపోతే గీసిన గీతలు ఎవరినీ కాపాడలేవు.

“జరిగిందేదో జరిగింది, రాజీ చేసుకో”

దెబ్బ తగిలాక చెప్పే సలహాలు మరీ ఘోరం. “ఇంటికి తీసుకుపొండి, పసుపు పెట్టండి” అంటారు. తలకి దెబ్బ తగిలినవాడు లేచి నడుస్తున్నా లోపల రక్తం కారుతుండవచ్చు. 108కి ఫోను చెయ్యండి. తమిళనాడులో 2021 డిసెంబరు 18న “నమ్మై కాక్కుమ్ 48” పథకం మొదలైంది. రోడ్డు ప్రమాదంలో దెబ్బ తిన్నవారికి మొదటి 48 గంటల చికిత్స పథకంలో చేరిన ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో ఉచితం. మొదట్లో దీని పరిమితి లక్ష రూపాయలు. ఏ రాష్ట్రం వారైనా సరే, ప్రమాదం తమిళనాడులో జరిగితే చాలు. శబరిమల పోతూ ఈ దారిన వచ్చే తెలుగువాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆసుపత్రికి చేరవేసినవాళ్లని కేసులో ఇరికిస్తారన్న భయం వద్దు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షను సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు.

గుద్దినవాడు ఆగకుండా పోతే “నంబరు తెలియదు, ఇంకేం చేస్తాం” అని ఊరుకునేవాళ్లు చాలామంది. ఊరుకోకండి. 2022 ఏప్రిల్ 1 నుంచి, బండి ఏదో తెలియకపోయినా, మరణిస్తే కుటుంబానికి 2,00,000 రూపాయలు, తీవ్రంగా గాయపడితే 50,000 రూపాయలు పరిహారం వస్తుంది. అంతకుముందు అది 25,000, 12,500 మాత్రమే. దీనికి పోలీసు ఫిర్యాదు తప్పనిసరి, కాబట్టి ఆ రోజే స్టేషనుకి వెళ్లి ఎఫ్ఐఆర్ నకలు చేత పట్టుకుని రండి. ఆసుపత్రి కాగితాలు, గుర్తింపు కార్డు, బ్యాంకు పుస్తకం జిరాక్సు దానికి జత చేసి దరఖాస్తుని తహసీల్దారు ఆఫీసులో గానీ రెవెన్యూ డివిజను అధికారి దగ్గర గానీ ఇవ్వండి, ఇచ్చినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి.